పాట కమ్మగా లేకపోతే తప్పు డాక్‌దేనా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను హనుమకొండలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ని. వయసు 63. పాటలు వినడం నాకు నలభై ఏళ్ల అలవాటు. నిరుడు వరంగల్ కొత్తవాడలోని మా పాత పెంకుటింటిని విడిచి వడ్డేపల్లి వైపు కట్టుకున్న కొత్త ఇంటికి వచ్చాం. యాంప్లిఫయర్ అదే, రెండు చిన్న స్పీకర్లూ అవే. పాత సీడీ ప్లేయర్ పాడైపోయింది కనుక, ఇల్లు మారిన నెలలోనే ఒక చిన్న డాక్ (డిజిటల్ పాటను విద్యుత్ సంకేతంగా మార్చే పెట్టె) కొని ల్యాప్‌టాప్‌కు తగిలించాను. అప్పటి నుంచి ఘంటసాల గొంతులో ఆ నిండుదనం లేదు. సుశీల గారు ‘స’ పలికినప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టుంది. మా అబ్బాయి ఆ చిప్పే అట్లాంటిదని, వార్మ్‌గా పలికే ఆర్-టూ-ఆర్ డాక్ కొనమని అంటున్నాడు. 25 వేల రూపాయల దాకా పెట్టగలను. ఏది కొనమంటారు? గది 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, కింద టైల్స్. పాత ఇంట్లో స్పీకర్లు గోడ గూళ్లలో ఉండేవి, ఇప్పుడు ఇనుప స్టాండ్ల మీద నడిగదిలోకి జరిపి పెట్టాను.

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన సమాచారం చివరి రెండు వాక్యాల్లో ఉంది. వాటిని మీరు కొసరుగా చేర్చినట్టున్నారు గానీ నాకు అసలు విషయం అక్కడే దొరికింది. నెల తిరగకుండా మీ ఇంట్లో మూడు మారాయి: డాక్ మారింది, గది మారింది, స్పీకర్లు ఉండే చోటు మారింది. కొత్త కోడలు వచ్చిన వారమే బర్రె పాలు తగ్గితే నింద కోడలి మీద పడ్డట్టు, కొత్తగా కొన్న వస్తువు కనుక అనుమానమంతా డాక్ మీదికి పోయింది. మీ పాత సీడీ ప్లేయర్‌లోనూ ఒక డాక్ ఉండేది. పెట్టె లోపల కనిపించకుండా ఉండబట్టి దానికి మెప్పూ రాలేదు, మాటా రాలేదు.

‘వార్మ్’ అన్న మాటను ‘వెచ్చని ధ్వని’ అని తెలుగు చేస్తే ఏమీ తేలదు. మనవాళ్లు పాట నచ్చితే ‘గొంతు నిండుగా ఉంది’, ‘కమ్మగా ఉంది’ అంటారు. నచ్చకపోతే ‘కీచుమంటోంది’, ‘రేకు డబ్బాలో మోగినట్టుంది’ అంటారు. ఈ మాటలే నాకు ఎక్కువ పనికివస్తాయి, ఎందుకంటే వీటిలో రెండు వేర్వేరు ఫిర్యాదులు ఉన్నాయి. మగగొంతు నిండుదనం సుమారు 100 నుంచి 300 హెర్ట్జ్ (సెకనుకు కంపనాల సంఖ్య) మధ్య ఉంటుంది. ‘స’ గుచ్చుకునేది 5,000 నుంచి 8,000 హెర్ట్జ్ మధ్య. మీరు రెండూ రాశారు, అంటే కింది భాగం తగ్గింది, పై భాగం పెరిగింది. కాబట్టి ఏ పరికరం గురించి ఎవరేం చెప్పినా మీరు అడగవలసింది, ఈ రెండు చోట్ల అది ఎన్ని డెసిబెళ్ల (శబ్ద తీవ్రతను కొలిచే ప్రమాణం) మార్పు తెస్తుందని మాత్రమే.

ఇప్పుడు డాక్ సంగతి. సీడీలో కుడి ఎడమల ధ్వని ఒక్కొక్కటి సెకనుకు 44,100 అంకెలుగా, ఒక్కో అంకె 16 బిట్లుగా రాసి ఉంటుంది. ఆ అంకెలను చదివి వోల్టేజీగా మార్చడమే డాక్ పని. ఈ పనిని సరిగా చేసే డాక్ ఏదైనా, చవకదైనా ఖరీదైనదైనా, 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు దాదాపు గీత గీసినట్టు సమంగా పలుకుతుంది. మీ అబ్బాయి చెప్పిన ఆర్-టూ-ఆర్ పద్ధతిలో, ఒకటి మరొకదానికి రెట్టింపు విలువ గల రెండు రకాల రెసిస్టర్లను నిచ్చెన మెట్లలా పేరుస్తారు. 16 బిట్లంటే 65,536 వోల్టేజీ మెట్లు. అన్నిటికన్నా పెద్ద మెట్టును మోసే రెసిస్టర్ విలువలో నూటికి 0.003 వంతు తేడా వచ్చినా అది అడుగున ఉన్న చిన్న మెట్టంత తప్పవుతుంది. ఇంత కచ్చితమైన రెసిస్టర్లు చవకగా దొరకవు కనుకనే చిప్ తయారీదారులు ఎక్కువగా కొద్ది మెట్లనే అతివేగంగా మారుస్తూ సగటున సరైన వోల్టేజీ తెచ్చే డెల్టా-సిగ్మా పద్ధతికి మళ్లారు. అంటే నిచ్చెన పద్ధతి చెడ్డదని కాదు, దాన్ని బాగా చేయడం ఖరీదైన పని. 25 వేలలో అది ఎంత బాగా జరిగిందో పెట్టె మీది అక్షరాలు చెప్పవు.

ఆర్-టూ-ఆర్ డాక్‌లలో కొన్ని ‘ఓవర్‌శాంప్లింగ్ లేకుండా’, అంటే అంకెల మధ్య అదనపు అంకెలు లెక్కకట్టి చేర్చకుండా పనిచేస్తాయి, వాటికి కమ్మదనం విషయంలో మంచి పేరు కూడా ఉంది. ఆ పేరుకు ఒక కారణం ఉంది: ఒక అంకె నుంచి మరో అంకె దాకా వోల్టేజీని అలాగే పట్టి ఉంచడం వల్ల పై స్థాయి శబ్దాలు కొంత వాలిపోతాయి. సీడీ వేగంలో ఆ వాలు 20,000 హెర్ట్జ్ వద్ద సుమారు 3.2 డెసిబెళ్లు, 10,000 వద్ద 0.75. కానీ మీ చెవిని గుచ్చుతున్న 5,000 నుంచి 8,000 మధ్య అది అర డెసిబెల్‌కు కూడా చేరదు. 63 ఏళ్ల చెవికి, నా చెవికి కూడా, 20,000 హెర్ట్జ్ వద్ద ఏం జరిగినా ఒకటే. 25 వేలు ఖర్చు పెడితే మీకు కావలసిన చోట దక్కేది అర డెసిబెల్ లోపు. కింది భాగంలో ఏమీ దక్కదు.

చిప్ పేర్ల మీద నడిచే నమ్మకాల గురించి ఒక మాట. చిప్‌లు చేసే కంపెనీల్లో ఏకేఎం చిప్ అంటే మెత్తన, ఈఎస్‌ఎస్ చిప్ అంటే గరుకు అని చాలామంది అంటారు. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెయొకాలో ఉన్న ఏకేఎం కర్మాగారంలో అగ్నిప్రమాదం జరిగి చిప్‌లు దొరకకపోవడంతో, పలువురు డాక్ తయారీదారులు వేరే చిప్‌లకు మారవలసి వచ్చింది. చిప్ తర్వాత వచ్చే ఫిల్టరు, అవుట్‌పుట్ దశ, కరెంటు సరఫరా అన్నీ కలిస్తేనే పెట్టె. ఒక్క చిప్ పేరు చూసి గొంతు చెప్పడం బియ్యం పేరు చూసి బిర్యానీ రుచి చెప్పడం వంటిది.

డాక్‌ల మధ్య తేడా నిజంగా వినిపిస్తుందని వాదించే వారితో నేను వాదనకు దిగను, ఎందుకంటే నేనూ చాలా కాలం అలాగే నమ్మాను. మూడేళ్ల కిందట కాజీపేటలోని ఒక మిత్రుడి ఇంట్లో రెండు డాక్‌లను పక్కపక్కన పెట్టి విన్నాం. ఒకటి అతనిది, మరొకటి నేను తీసుకుపోయింది. అతనిది నిండుగా, లోతుగా, ముందుకు వచ్చి పాడుతున్నట్టుంది, నాది వెలవెలబోయింది. టీ తాగి, 100 హెర్ట్జ్ స్వరం ఒకటి నడిపిస్తూ స్పీకర్ టెర్మినళ్ల వద్ద మల్టీమీటరుతో వోల్టేజీ కొలిచాను. అతని డాక్ నాదానికన్నా నూటికి 15 వంతులు ఎక్కువ వోల్టేజీ ఇస్తోంది, అంటే 1.2 డెసిబెళ్లు. ఆ మాత్రం తేడాను చెవి ‘శబ్దం పెరిగింది’ అని గుర్తించదు, ‘పాట బాగుంది’ అని గుర్తిస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఒకదాని శబ్దం తగ్గించి, రెండింటినీ నూటికి ఒక వంతు తేడాలోకి తెచ్చాం. మిత్రుడి కూతురు పరదా వెనుక నిలబడి తనకు తోచినట్టు తీగలు మారుస్తూ, ఏది మోగుతోందో క్యాలెండర్ కాగితం వెనుక రాసుకుంది. పన్నెండు సార్లలో నేను ఏడు సార్లు సరిగా చెప్పాను. కళ్లు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా ఆ మాత్రం వస్తుంది. మిత్రుడు ఆరు దగ్గర ఆగిపోయాడు. ఆ పిల్ల ‘ఈ రెంటికీ కలిపి ఎంత పెట్టారు?’ అని అడిగితే మేమిద్దరం జవాబు చెప్పలేదు.

మీ గదికి వద్దాం. పై కప్పు పది అడుగుల ఎత్తనుకుంటే, టైల్స్ నేల, పుట్టీ పెట్టిన గోడలు, గాజు కిటికీలు ఉన్న ఆ గది ఖాళీగా ఉన్నప్పుడు పలికిన మాట పూర్తిగా అణగడానికి మూడు సెకన్ల దాకా పడుతుంది. సోఫా, మనుషులు చేరితే తగ్గుతుంది గానీ చాలినంత తగ్గదు. పాట వినడానికి అర సెకను దరిదాపుల్లో ఉంటే హాయి. మీ పాత ఇంట్లో మట్టి గోడలు, దూలాలు, దండెం మీది బట్టలు, మంచాల మీది పరుపులు, అన్నీ కలిసి ఆ పని చేసేవి. నడిగదిలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. వెనుక జింగుమని తీగ మీటినట్టు వినిపిస్తే, మీ ‘స’ కు తోడవుతున్నది అదే.

గది శాస్త్రానికి లెక్క కట్టిన వాలస్ సబైన్ కూడా దిండ్లతోనే మొదలుపెట్టాడు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారు కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో మాట ఐదున్నర సెకన్లు మోగుతూ ఉండేది, ఒక వాక్యం మీద మరో వాక్యం పడి ఎవరికీ ఏమీ అర్థమయ్యేది కాదు. సబైన్ రాత్రిపూట పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల దిండ్లు మోయించుకు వచ్చి, కొన్ని కొన్నిగా పెంచుతూ, ఆర్గన్ గొట్టం ఊదించి శబ్దం ఎంతసేపటికి అణగుతుందో గడియారంతో కొలిచి, తెల్లవారేలోగా దిండ్లను మళ్లీ వాటి చోటికి చేర్పించేవాడు. మీరూ అదే పని పగటి పూట చేయవచ్చు. కొత్తవాడ వారికి దర్రీల గురించి నేను చెప్పడం తగదు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ నేత మీ వాకిట్లోనే పుట్టింది. అయితే దర్రీ పలుచన, దానికి నూగు ఉండదు. ఒక్కటే పరిస్తే బాగా సన్నని శబ్దాలను మాత్రమే కొంత పీల్చుతుంది. దర్రీ కింద పాత చీరలతో కుట్టిన బొంతలు రెండు పరచండి. స్పీకర్లకూ మీ కుర్చీకీ మధ్య నేల మొత్తం కప్పాలి, ఎందుకంటే స్పీకర్ నుంచి బయలుదేరిన ధ్వని అక్కడే నేలకు తగిలి మీ చెవికి వస్తుంది. ఉపాధ్యాయులు కనుక పుస్తకాలకు లోటుండదు. అద్దాల తలుపులు లేని పుస్తకాల అర ఒకటి పక్క గోడకు చేర్చండి. కిటికీలకు మందపాటి పరదాలు కట్టండి. చప్పట్లు మళ్లీ కొట్టి చూడండి.

ఇది పై భాగాన్ని అదుపులోకి తెస్తుంది. కింది భాగం పోయింది గూళ్లు లేకపోవడం వల్ల. చిన్న స్పీకర్ నుంచి సన్నని శబ్దం ఎదురుగా వస్తుంది గానీ మంద్ర శబ్దం పెట్టె చుట్టూ పాకి వెనక్కి కూడా పోతుంది. స్పీకర్‌ను గోడ గూట్లో అమర్చినప్పుడు వెనక్కి పోవడానికి దారి లేక అదంతా ముందుకే వస్తుంది; లెక్క ప్రకారం ఆ లాభం ఆరు డెసిబెళ్ల దాకా ఉండవచ్చు. నలభై ఏళ్లుగా మీరు ఘంటసాల గొంతులో విన్న నిండుదనంలో ఒక వాటా మీ ముత్తాతల కాలపు గోడది. కొత్త ఇంట్లో గూళ్లు తవ్వించనక్కరలేదు. స్టాండ్లను గోడకు జానెడు దూరం దాకా వెనక్కి జరిపి రెండు రోజులు వినండి, మోత ఎక్కువై బొంగురుగా అనిపిస్తే బెత్తెడు బెత్తెడుగా ముందుకు తెండి. స్పీకర్ వెనుక గాలి రంధ్రం ఉంటే అది గోడకు ఆనుకుని మూసుకుపోకూడదు. గది మూలల్లోకి మాత్రం నెట్టవద్దు.

ఇంతా చేశాక కొరత మిగిలితే, దాన్ని ల్యాప్‌టాప్‌లోనే తీర్చవచ్చు. విండోస్ అయితే శబ్దంలో ఏ భాగాన్నైనా పెంచి తగ్గించే ‘ఈక్వలైజర్ ఏపీఓ’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, 250 హెర్ట్జ్ కింది భాగాన్ని రెండు డెసిబెళ్లు పెంచండి, 6,000 హెర్ట్జ్ చుట్టుపక్కల రెండు డెసిబెళ్లు తగ్గించండి, మొత్తం శబ్దాన్ని మూడు డెసిబెళ్లు దించండి. దించడం మరిస్తే గట్టి స్వరాలు పగులుతాయి. ఏ ఖరీదైన డాక్ చేసే మార్పు కన్నా ఇది పెద్ద మార్పు, పైగా నచ్చకపోతే ఒక మీటతో తీసేయవచ్చు. దీన్ని కల్తీ అనుకునే వారున్నారు. నేను కూరలో ఉప్పు సరిచూసుకోవడం అనుకుంటాను.

ఇంకొక అనుమానం పాటల మీదనే ఉంది. ఘంటసాల 1974లో కన్నుమూశారు, సీడీ బజారుకు వచ్చింది 1982లో. అంటే ఆయన పాట ఏ డిజిటల్ రూపంలో మీకు దొరికినా, అది ఎవరో తర్వాతి కాలంలో టేపు నుంచో రికార్డు నుంచో ఎక్కించినదే. టేపు సొద తీసేసే క్రమంలో గొంతులోని గాలిని కూడా తీసేసిన ప్రతులు, స్పష్టత పేరుతో పై భాగం పెంచేసిన ప్రతులు కోకొల్లలు. మీరు పాత ఇంట్లో విన్నది సీడీలు. ఇప్పుడు వింటున్నది ఇంటర్నెట్ నుంచి వచ్చే ప్రతి అయి ఉంటుందని నా ఊహ. ఒకే పాటను మీ సీడీ నుంచి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని రెండూ పక్కపక్కన వినండి. తేడా అక్కడే దొరికితే ఏ డాక్ కొన్నా ఆ ప్రతి బాగుపడదు.

ఆపైన కూడా కొత్త డాక్ కొనాలన్న కోరిక ఉంటే, అది తప్పేమీ కాదు, కొనండి. ఆర్-టూ-ఆర్ అన్న అక్షరాల కోసం కాక ఈక్వలైజర్ లోపలే ఉన్న దాని కోసం చూడండి. విమ్ కంపెనీ స్ట్రీమర్లలో (ఇంటర్నెట్ నుంచి నేరుగా పాటలు పలికించే పెట్టెల్లో) ఆ సదుపాయం ఉంది, ల్యాప్‌టాప్ తెరవకుండానే ఫోన్ నుంచి సరిచేసుకోవచ్చు. అవుట్‌పుట్ రెండు వోల్టుల దగ్గర ఉందా, మన దేశంలో మరమ్మతు చేసే వారున్నారా, నచ్చకపోతే వారంలోగా వెనక్కి తీసుకుంటారా అన్నవి అడిగి తెలుసుకోండి. ఇప్పుడున్న డాక్‌ను మాత్రం అప్పుడే ఎవరికీ ఇచ్చేయవద్దు. రెండింటినీ వోల్టేజీ సమం చేసి, మీ అబ్బాయిని పరదా వెనుక నిలబెట్టి వినండి.

ప్రశ్న: మాది గోదావరిఖని. వాల్వు (పాత రేడియోల్లోని గాజు గొట్టం) ఉన్న డాక్ ఒకటి ఆన్‌లైన్‌లో చూశాను. ఎర్రగా వెలిగే ఆ వాల్వుతో పాత రేడియో గొంతు వస్తుందా? మా ఎండలకు, మా ఇన్వర్టరుకు అది తట్టుకుంటుందా?

జవాబు: పాత వాల్వు రేడియో గొంతుకు వాల్వు ఒక్కటే కారణం కాదు. మీడియం వేవ్ ప్రసారంలో పై శబ్దాలు ముందే తెగిపోయి వచ్చేవి, వాటిని వెడల్పాటి చెక్క పెట్టెలోని పెద్ద కాగితపు స్పీకర్ పలికించేది. డాక్‌లో చేర్చే వాల్వు సరైన వోల్టేజీ మీద నడిస్తే, స్వరానికి రెట్టింపు పౌనఃపున్యంలో కొద్దిపాటి తోడు స్వరాన్ని కలుపుతుంది. అది అష్టకం, అంటే అదే స్వరం పై స్థాయిలో పలికినట్టు కనుక చెవికి ఇంపుగా ఉంటుంది, గొంతు కాస్త చిక్కబడినట్టు తోస్తుంది. ఆ రుచి కోరుకుని కొనడంలో దోషం లేదు. అయితే చవక పెట్టెల్లో వాల్వు పది ఇరవై వోల్టుల మీద అరకొరగా నడుస్తూ అలంకారంగానే మిగులుతుంది. కొన్నిటిలో మీరు చూసే ఆ ఎర్రని వెలుగు వాల్వుది కూడా కాదు, దాని కింద అమర్చిన చిన్న ఎల్‌ఈడీది. వాల్వుకు ఎన్ని వోల్టులు అందుతున్నాయో అమ్మేవారు చెప్పలేకపోతే కొనవద్దు.

వేడి సంగతికి వస్తే, ఇటువంటి చిన్న వాల్వు హీటరుకు సుమారు రెండు వాట్లు చాలు, కనుక మే నెలలో 45 డిగ్రీలు చూసే మీ ఊళ్లో కూడా చుట్టూ గాలి ఆడేలా ఉంచితే భయం లేదు, మూసిన టీవీ అరలో పెట్టకుండా ఉంటే చాలు. ఇన్వర్టరు మాత్రం చూసుకోవాలి. స్క్వేర్ వేవ్ రకమైతే కరెంటు పోయినప్పుడల్లా ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటుంది, ఆ గుర్రు స్పీకర్లోకి కూడా వస్తుంది. సైన్ వేవ్ రకమైతే ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: నేను కరీంనగర్‌లో ఇంజినీరింగ్ విద్యార్థిని. ల్యాప్‌టాప్, యూఎస్‌బీ డాక్, యాంప్లిఫయర్ కలిపాక మౌస్ కదిలించినప్పుడల్లా స్పీకర్లో సన్నగా చీమ గీపెట్టినట్టు శబ్దం వస్తోంది. ఛార్జరు ప్లగ్‌లో మూడో పిన్ను తీసేస్తే పోతుందని మా హాస్టల్లో చెప్పారు. మంచి డాక్ కొంటే పోతుందా?

జవాబు: పిన్ను తీయవద్దు. అది ఎర్తింగ్, శబ్దం పోవచ్చు గానీ ఛార్జరులో లోపం వచ్చిన రోజు కరెంటు మీ చేతి గుండా పోతుంది. ముందుగా ఛార్జరు పూర్తిగా తీసి, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి చూడండి. గీ శబ్దం ఆగితే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్తింగ్ దారులు ఒక చుట్టుగా కలిసి శబ్దం తేవడం. డాక్ ఎంత ఖరీదైనదైనా, యూఎస్‌బీ తీగ గుండానే కలిపినంత కాలం మళ్లీ రావచ్చు. ల్యాప్‌టాప్‌ను, యాంప్లిఫయర్‌ను ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి, చాలాసార్లు అక్కడే తగ్గిపోతుంది. తగ్గకపోతే, యూఎస్‌బీ నుంచి ఆప్టికల్‌కు మార్చే చిన్న పెట్టె ఒకటి తీసుకుని, మీ డాక్‌కు ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంటే దానికి కలపండి. ఆ తీగలో పోయేది వెలుతురు కనుక ల్యాప్‌టాప్ గ్రౌండ్ యాంప్లిఫయర్ దాకా చేరే దారి ఉండదు.